చాకు కీలులో కొబ్బరి నూనె

మడత చాకు కీలుకు ఏ నూనె వేయాలని, కొత్తగా నర్సరీల్లో చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోను చేసి అడుగుతుంటారు. కుట్టు మిషన్ నూనె, ఒక్క చుక్క. అంత చెప్పి పెట్టేస్తే సరిపోతుంది. నేను మాత్రం పెట్టేయను. ఆ ఒక్క చుక్క కోసం మూడు ఊళ్ళలో నేను పడిన మాటలు కూడా వాళ్ళు వినాలి. వినే ఓపిక లేనివాళ్ళు కొబ్బరి నూనె పూసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. వాళ్ళ ఖర్మ.

నేను పండ్ల మొక్కల నర్సరీల్లో అంట్లు కట్టి రిటైరైనవాణ్ణి. మదనపల్లెలో మొదలై, పుంగనూరు మీదుగా కుప్పంలో ముగిసిన ఉద్యోగం. మా నాన్న తంబళ్లపల్లె పక్క పల్లెల్లో వేరుశనగ పీకే కూలికి పోయేవాడు. మా ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటి మనిషిని నేనే. అందుకని నా పనిముట్టు విషయంలో నాకు కొంచెం పట్టింపు. కొంచెం అని నేను అంటాను. తోటివాళ్ళు వేరే మాట అనేవారు, ఆ మాటా గుర్తుంది, అన్నవాళ్ళూ గుర్తున్నారు.

పనికి కావలసినంత మటుకు చెబుతాను. మంచి చెట్టు కొమ్మను నాలుగు వేళ్ళ పొడుగు కోసి, అడుగున రెండు పక్కలా ఏటవాలుగా చీలలా చెక్కి, నారుమొక్క కాండాన్ని చీల్చి అందులో దిగవేసి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతాం. కోత ఒక్క లాగులో రావాలి. ఆ కోత మీద నూనె మరక పడిందంటే అతుకు పడదు. కాబట్టి నూనె కీలులో ఉండాలి, బ్లేడు మీద ఉండకూడదు. ఇంకో చిక్కు మామిడి సొన. అది కీలులోకి దిగి ఎండితే చాకు తెరుచుకోదు. సొన మీద నూనె పోస్తే బంకవుతుంది. ముందు స్పిరిట్‌తో సొన కడగాలి, ఆరనివ్వాలి, పలచటి నూనె ఒక చుక్క వేయాలి, నాలుగుసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చినదాన్ని పొడిగుడ్డతో తుడిచేయాలి. ఇంతే. ఇంత చిన్న విషయంలో మనిషికి శత్రువులు తయారవుతారని ఎవరైనా అనుకుంటారా?

నా శత్రువు మదనపల్లెలోనే తయారయ్యాడు. నాతోపాటే చేరిన మనిషి, నాలాగే అంట్లు కట్టేవాడు. తలకూ చాకుకూ ఒకటే సీసా వాడేవాడు, కొబ్బరి నూనె సీసా. నెత్తికి మంచిదైనప్పుడు కత్తికి యాల కాదప్పా అని అడిగేవాడు. ఆయన్ని నేను మనసులో కొబ్బరాయన అని పిలుచుకునేవాణ్ణి. ఇక్కడా అలాగే పిలుస్తాను.

మదనపల్లె చలి మీకు తెలిసిందే. చలికాలం పొద్దున కొబ్బరి నూనె నెయ్యిలా పేరుకుంటుంది. మా నర్సరీలో సాయంత్రం చాకులన్నీ స్టోరు గదిలో ఒక రేకుపెట్టెలో పెట్టి పోవాలని నియమం. మరునాడు పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, కొబ్బరాయన ముందురోజు సాయంత్రం అందరి చాకులకూ తన నూనె పూసిపెట్టాడు. ఎవరూ అడగలేదు. పొద్దున్నే వచ్చినవాళ్ళు తమ చాకుల్ని టీ గ్లాసుకు ఆనించి వెచ్చచేసుకున్నారు. నేను మాత్రం బస్సు దిగి నేరుగా వరుసలో నిలబడ్డాను. సీనియారిటీలో మొదటివాణ్ణి కాబట్టి మొదట నన్నే పిలిచారు.

చాకు తెరుచుకోలేదు. గోరు పెట్టి లాగాను. గోరు విరిగింది. పళ్ళతో పట్టాను. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి చూశాడు.

"చాకే తెరవలేనివాడివి, అంటేం కడతావయ్యా?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారో ఇప్పుడడిగినా చెబుతాను. టీ తెచ్చినతను నవ్వి నవ్వి పళ్ళెంలో సగం టీ ఒలకబోశాడు. వెనకనుంచి కొబ్బరాయన, "నోటితో ఊదప్పా, వెచ్చగైతే తెరుసుకుంటాది" అన్నాడు. సాయం చేస్తున్నవాడి గొంతుతో అన్నాడు. అదే నాకు మరీ మండింది.

నేను ఊరుకునే మనిషిని కాను. ఫిర్యాదు రాసుకుని, సాక్ష్యంగా ఆ నూనె సీసానే పట్టుకుని ఆఫీసరు గదికి పోయాను. సీసాను తలకిందులు చేసినా చుక్క రాలడం లేదు, అంత గట్టి సాక్ష్యం. నన్ను బయట ఎండలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఏవేవో మాట్లాడుకుంటున్నారు. పిలుపు వచ్చేసరికి ఎండెక్కింది, సాక్ష్యం కరిగి నీళ్ళయింది. ఆఫీసరు సీసాను అటూ ఇటూ ఊపి, "నూనె బాగానే ఉందే" అన్నాడు.

నెల తిరగకుండా బదిలీ వచ్చింది. మా ఇద్దరికీ పడటం లేదని ఇద్దర్నీ మదనపల్లె నుంచి పంపించారు. ఇద్దర్నీ పుంగనూరికే. ఒకే బస్సులో పోయాం. కొబ్బరాయన నాకు కిటికీ సీటు ఇచ్చాడు. అది మర్యాద అని మా ఆవిడ అంటుంది. ఎగతాళి అని నా అభిప్రాయం.

పుంగనూరు నర్సరీ ఇన్‌ఛార్జికి గ్రీజు మీద నమ్మకం. బోరు మోటరు బేరింగుకు సరిపోయింది మీ చాకుకు సరిపోదా అని, గ్రీజు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. గ్రీజు పూసిన కీలు జేబులోని దుమ్మంతా పట్టుకుంటుంది. వారంలో నల్లటి ముద్ద, ఆ ముద్ద మొక్క మీదికి. నేను ఆ డబ్బా ముట్టుకోలేదు. బజారులో మిషన్లు రిపేరు చేసే కొట్టుకు పోయి, సన్నటి మూతి ఉన్న చిన్న సీసా కొనుక్కుని జేబులో పెట్టుకున్నాను. ఇన్‌ఛార్జి అది చూసి అందరి ముందు అడిగాడు.

"మిషను యాడ పెట్టినావప్పా?"

ఆ రోజునుంచి నా పేరు టైలరు. కూలికి వచ్చే ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు తెస్తాం, పండక్కి కుట్టిస్తావా అని అడిగేవాళ్ళు. జీతాల రోజు క్లర్కు కూడా టైలరప్పా సంతకం పెట్టు అనేవాడు. కొబ్బరాయన మాత్రం నన్ను ఒక్కసారి కూడా అలా పిలవలేదు. పిలిస్తే ఒక ఫిర్యాదుకు పనికొచ్చేది.

పుంగనూరులో నాకు దక్కిన సంతోషం ఒక్కటే. ఒకసారి సీసా నిండుకుంటే ఆయన ఇంట్లోని వేరుశనగ నూనె చాకుకు పూసి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి చీమలు జేబులోంచి బయలుదేరి మెడ దాకా పోయాయి. ఆయన మొక్కల మధ్య చొక్కా విప్పుకుని ఎగురుతుంటే నేను అన్నం తింటూ చూశాను. ఆ పూట తిన్నంత రుచిగా మళ్ళీ తినలేదు.

తర్వాత కుప్పం. మళ్ళీ ఇద్దరం. అప్పటికి నేను అడగడం మానేశాను.

కుప్పంలో పని చేసిన ఏళ్ళలో ఒక వానాకాలం పొద్దున, రామకుప్పం పక్క పల్లెనుంచి ఒకామె మొదటి బస్సుకే వచ్చింది. అరవై దాటిన మనిషి. అడవి అంచున రాగి చేను, దాని గెనిమ గట్టు మీద ఒక మామిడి చెట్టు. అది ఆమె అత్త నాటిన చెట్టు. ఆ కాయ పండినా పచ్చగానే ఉంటుంది, కోస్తే లోపల కుంకుమరంగు. పండిందో లేదో ఆమెకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి ఎవరూ దొంగిలించలేదు. ఏనుగులకు మాత్రం తెలిసింది.

"సెట్టును తోసేసినాయప్పా. వేర్లు పైకి లేసినాయి. ఈ జాతి సుట్టుపక్కల ఇంక యాడా లేదు. మీరు రాకుంటే ఈపొద్దుతో అయిపోయినట్టే."

చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. చేతిలోని తడి తువ్వాలు విప్పి, ఆ చెట్టు కొమ్మ ఒకటి బల్ల మీద పెట్టింది. కొన్ని అంట్లు కట్టినవాడికి ఎవరికైనా తెలుస్తుంది, ఆకు అప్పటికే వేలాడుతోంది, కొమ్మ ఎక్కువసేపు ఆగదు. ఇన్‌ఛార్జి ఇంకేం ఆలోచించకుండా నారుమొక్కలు జీపులో ఎక్కించి మా ఇద్దర్నీ పంపాడు. కొమ్మలు నర్సరీకి తెచ్చి కట్టేంత వ్యవధి లేదు, అక్కడే కట్టాలి.

చేరేసరికి ఎండ బాగా వచ్చేసింది. చెట్టు చేనుకు అడ్డంగా పడి ఉంది. చివరి కొమ్మలు చాలావరకు ఏనుగులు నమిలేశాయి, మిగిలినవి తొక్కేశాయి. వెతికి వెతికి అంటుకు పనికొచ్చే కొమ్మలు డజను దాకా ఏరాం. తడి గోనెపట్టాలో చుట్టి ఆమె ఇంటి చూరు కింద కూర్చున్నాం. అన్నీ నేనే కడతానన్నాను. ఇద్దరు కడితే బిన్నా అవుతాది కదప్పా, కొమ్మలు వాడిపోతాండాయి అని ఆమె సగం తీసి కొబ్బరాయన ముందు పెట్టింది.

నేను ఒకటి ముగించి రెండోది చెక్కుతున్నాను. పక్కన చప్పుడు లేదు. తిరిగి చూస్తే కొబ్బరాయన చాకు పట్టుకుని కుస్తీ పడుతున్నాడు. ఒక అంటు కట్టగానే చాకు మడిచి పెట్టడం ఆయన అలవాటు. పచ్చి సొన లోపలికి దిగింది, లోపల ఎన్నేళ్ళ కొబ్బరి నూనె బంక ఉందో, రెండూ కలిసి పట్టేశాయి. చాకు నోరు తెరవడం లేదు. ఆయన గోరు పెట్టాడు. తర్వాత పళ్ళు పెట్టాడు.

నిజం చెబుతున్నాను, నేను ఇలాంటి రోజు ఒకటి ఇమ్మని దేవుణ్ణి అడిగి ఉన్నాను. ఇస్తాడనుకోలేదు.

"ఆ స్పిరిటు, ఆ నూనె సుక్క ఇట్లా ఇయ్యప్పా" అన్నాడు.

"ఇస్తా. మదనపల్లెలో ఆ పొద్దు నా సాకుకు నూనె యాల పూసినావో ముందు సెప్పు."

"ఏ పొద్దు?"

ఆయన నటించడం లేదు. ముఖం చూస్తే తెలుస్తోంది. నేను ఇన్నేళ్ళు మోసినదాన్ని ఆ మనిషి ఒక్క పూట కూడా మోయలేదు. నేను చాకు కింద పెట్టి, తనిఖీ, చలి, ఆఫీసరు కళ్ళద్దాలు, టీ పళ్ళెం, ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో అన్నీ వరుసగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నీ సాకు కిర్రుమంటాండాదని పూసినా. సలికి పేరుకుంటాదని నాకేం తెలుసు" అన్నాడు చివరికి.

ఇది జవాబు కాదని, క్షమాపణ అసలే కాదని చెప్పబోతున్నాను. ఆమె మా మధ్యకు వచ్చి నిలబడింది.

"మీ పంచాయితీ రేపు పెట్టుకోండప్పా. ఈడ కొమ్మలు సస్తాండాయి."

అని నా చొక్కా జేబులోంచి నూనె సీసా తనే తీసుకుంది. స్పిరిట్ సీసా కూడా తీసుకుంది. స్పిరిట్ గుమ్మరించింది, సొన కరిగి చాకు తెరుచుకుంది, దాని మీద నూనె పోసింది. ఒక్క చుక్కమ్మా అని నేను అంటూనే ఉన్నాను. నిజంగా కుట్టు మిషన్‌కే సరిపడేంత పోసింది. నూనె బ్లేడు మీదుగా కారింది. కొబ్బరాయన దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ఆ తువ్వాలు రోజూ ఏ తలను తుడిచేదో నాకు తెలుసు. ఆ చాకుతో కట్టినది ఒక్కటీ బతకదని ఆమెకు గట్టిగానే చెప్పాను.

మొత్తానికి కొమ్మలన్నీ కట్టాం. నేను కట్టినవి గొడ్ల కొట్టం గోడ పక్కన వరుసగా పెట్టాను. ఆయన కట్టినవి నీళ్ళ తొట్టి పక్కన పెట్టాడు. ఈ రెండు వరుసలూ కలపకూడదని, ఇది ఏ నూనె మంచిదో తేల్చే పరీక్ష అని ఆమెకు మళ్ళీ మళ్ళీ చెప్పాను. సరేలేప్పా అంది. ఆ 'లే'ను నేను అప్పుడే పట్టించుకోవలసింది.

నెల పోయాక ఇద్దరం చూడటానికి వెళ్ళాం. కొట్టం పక్కన ఏమీ లేదు. తొట్టి పక్కనా ఏమీ లేదు. మేకలు వచ్చి పడ్డాయని ఆమె మొక్కల సంచులన్నీ ఎత్తి ఇంటి వెనక గడ్డివామి చాటుకు మార్చేసింది. అక్కడ ఎండిపోయినవన్నీ ఒక మూల పడి ఉన్నాయి. రెండు మాత్రం బతికి, రాగిరంగు చిగురు వేసి నిలబడ్డాయి. ఎవరివి? ఆమె ఇద్దరి ముఖాలూ చూసి, ఏమోప్పా గుర్తులేదు అంది.

కొబ్బరాయన జీపు దగ్గరికి నడుస్తుంటే ఆమె నన్ను వెనక్కి పిలిచింది. చుట్టూ చూసి, చిన్నగా చెప్పింది.

"కొట్టం పక్కన పెట్నావే, ఆ వరసలోవేనప్పా. రెండూ నీయే. ఆయప్పతో అనొద్దు, మనసు నొచ్చుకుంటాడు."

నా జీవితంలో నేను నోరు మూసుకుని దాచుకున్న విషయం అదొక్కటే. గెలిచినవాడు మాట్లాడనక్కర్లేదని అప్పుడు తెలిసింది. దారిలో కొబ్బరాయన కూడా మాట్లాడలేదు. పాపం, ఓడిపోయానని ఆయనకూ అర్థమైందనుకున్నాను. జాలిపడి కిటికీ సీటు ఆయనకే వదిలాను.

ఆ తర్వాత ఏటా నేను ఆ ఊరికి పోయేవాణ్ణి. మొక్కలు గెనిమ మీద నాటేటప్పుడు గుంతలో ఏమేం వేయాలో నిలబడి చెప్పాను. అతుకు కింద వచ్చే పిలకలు గిల్లాను. కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించాను. నా అంట్లు కదా. పోయినప్పుడల్లా ఎవరో ముందే వచ్చి పాదులు చేసి, చెదలు పట్టకుండా మొదళ్ళకు మందు పూసి పోయినట్టు కనిపించేది. ఎవరని అడిగితే మా అల్లుడప్పా అనేది. మంచి అల్లుడు దొరికాడమ్మా అని నేను మెచ్చుకునేవాణ్ణి. మొదటి కాపులో ఆమె నాకొక పండిన పచ్చకాయ కోసి పెట్టింది. ఆ ఎరుపు చూసి, ఇది కుట్టు మిషన్ నూనె గొప్పతనం అని మనసులో అనుకున్నాను.

కొబ్బరాయన నాకన్నా ముందు రిటైరయ్యాడు. కుప్పంలో సన్మాన సభ పెట్టాం. శాలువా కప్పాక మాట్లాడమన్నారు. ఆయన మైకు పట్టుకుని, ఉద్యోగంలో తనకు తృప్తినిచ్చింది ఒకటే పని అన్నాడు. రామకుప్పం పక్కన ఒక చెట్టు జాతి అంతరించిపోబోతుంటే తాను కట్టిన రెండు అంట్లు బతికాయని, ఇప్పుడు కాపు కాస్తున్నాయని చెప్పాడు. నీళ్ళ తొట్టి పక్కన పెట్టిన వరుసలోవని కూడా చెప్పాడు.

"ఇన్నాళ్ళు ఎవురికీ సెప్పలేదు. ఆయమ్మ వద్దనింది, ఒక మనిషి నొచ్చుకుంటాడని" అని నావైపు చూసి, ఎంతో మంచితనంగా నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎవరో నన్ను భుజం పట్టి కూర్చోబెట్టి, చేతిలో మిక్చరు పొట్లం పెట్టారు. మాట్లాడేవాడు ఇంకా ఉన్నాడు టైలరప్పా అన్నారు.

మరుసటి ఆదివారమే ఆ ఊరికి బయలుదేరాను. బస్సెక్కితే కొబ్బరాయన అందులోనే కూర్చుని ఉన్నాడు. సభ అయ్యాక నేను ఆయనతో అన్న నాలుగు మాటలకు ఆయనకూ అనుమానం పట్టుకుంది. దారి పొడుగునా ఇద్దరం కిటికీలోంచి చెరో పక్కకు చూశాం.

ఆమె చెట్ల కింద రాలిన ఆకులు ఊడుస్తోంది. ఇద్దర్నీ కలిపి చూడగానే చీపురు పక్కన పెట్టింది. ఏమీ దాచలేదు. అల్లుడు కుప్పం వదిలి ఏనాడో బెంగళూరు పోయాడంది, ఏటా ముందే వచ్చి పాదులు చేసి పోయేది కొబ్బరాయనేనంది. సంచులు మార్చేటప్పుడే వరుసలు కలిసిపోయాయని, ఏది ఎవరు కట్టిందో దేవుడికే తెలియాలని చెప్పింది.

"అట్లయితే మా ఇద్దరికీ మావేనని యాల సెప్పినావమ్మా?" అని నేను అడిగాను. నా గొంతు కొంచెం పెద్దదే అయి ఉంటుంది.

"ఒక సెట్టు పోయింది నాకు. ఈ రెండూ పెద్దవయ్యేదాకా సూసుకునేవాళ్ళు కావల్ల. మా ఇంట్లో ఎవురుండారప్పా? నీయి కాదని సెప్పింటే రెండో ఏడు వచ్చిందువా నువ్వు?"

కొబ్బరాయన తల దించుకుని మొదళ్ళ దగ్గర మట్టి సర్దడం మొదలుపెట్టాడు. నేను మాత్రం వచ్చేవాణ్ణేనని చెప్పాను. ఉద్యోగ ధర్మం కొద్దీ వచ్చేవాణ్ణని, నూనెకూ దానికీ సంబంధం లేదని వివరంగా చెప్పాను.

ఆమె నమ్మలేదు. నవ్వి, చెరొక కాయ చేతిలో పెట్టి, పైకొమ్మ ఒకటి గాలికి వంగుతోంది, పోయేలోపు దాని సంగతి చూడమంది. చూశాం. ఆ నవ్వు మాత్రం నేను మరిచిపోయేది కాదు.